జర్మన్ 88 మి.మీ. ఫిరంగి: యుద్ధరంగంలో, తెరమీద

రెండవ ప్రపంచ యుద్ధం గురించి మీకు తెలిసినదానిలో చాలా భాగం పాఠ్యపుస్తకాల నుంచి వచ్చి ఉండదు. సినిమాల నుంచి, టీవీ ధారావాహికల నుంచి, ఈ మధ్య కాలంలో కంప్యూటర్ ఆటల నుంచి వచ్చి ఉంటుంది. అందులో తప్పు లేదు. అయితే చరిత్ర విద్యార్థిగా తెరమీద చూసినదాన్ని ఆధారంగా వాడుకోవాలంటే, దాన్ని పరీక్షించే పద్ధతి ఒకటి మీ చేతిలో ఉండాలి. యుద్ధం మొత్తాన్ని ఒకేసారి పరీక్షించలేం కాబట్టి, ఈ పాఠంలో ఒకే ఒక వస్తువును తీసుకుందాం. అది జర్మన్ సైన్యం వాడిన 88 మిల్లీమీటర్ల ఫిరంగి. అది యుద్ధభూమిలో ఎలా పనిచేసింది, తెరమీద ఎలా పనిచేస్తోంది, ఈ రెండింటికీ మధ్య ఏం జారిపోయింది అన్నది మనం చూడవలసిన విషయం. జారిపోయినవాటిలో మనవాళ్ళూ ఉన్నారు. ఈ వస్తువును ఎంచుకోవడానికి అదొక కారణం.

ఇది ఎలాంటి ఫిరంగి?

88 మి.మీ. అంటే ఫిరంగి గొట్టం లోపలి వ్యాసం. మొదట దీన్ని తయారుచేసింది ట్యాంకుల కోసం కాదు, విమానాలను కూల్చడం కోసం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ మీద 1919 నాటి వెర్సైల్స్ ఒప్పందం అనేక ఆయుధ నిషేధాలు విధించింది. వాటిని తప్పించుకోవడానికి క్రుప్ సంస్థ ఇంజనీర్లు స్వీడన్‌లోని బోఫోర్స్ సంస్థలో ఉండి పరిశోధన సాగించారు. (1980లలో మన రాజకీయాలను కుదిపేసిన బోఫోర్స్ పేరు ఇదే.) హిట్లర్ అధికారంలోకి వచ్చిన 1933లోనే ‘ఫ్లాక్ 18’ పేరుతో ఈ ఫిరంగి సైన్యంలోకి వచ్చింది. ‘ఫ్లాక్’ అనేది విమాన విధ్వంసక ఫిరంగి అనే అర్థం గల జర్మన్ మాటకు పొట్టి రూపం. తరువాత ఫ్లాక్ 36, ఫ్లాక్ 37 అనే రూపాలు వచ్చాయి.

విమానాల కోసం చేసినది ట్యాంకుల మీద ఎందుకు అంత బాగా పనిచేసింది? ఈ ప్రశ్నకు జవాబు సులభమే. కిలోమీటర్ల ఎత్తున ఎగురుతున్న విమానాన్ని అందుకోవాలంటే గుండు చాలా వేగంగా బయలుదేరాలి. ఈ ఫిరంగి గుండు సెకనుకు సుమారు 800 మీటర్ల వేగంతో బయటికి వచ్చేది. అంత వేగంగా వెళ్ళే గుండును నేలకు సమాంతరంగా పేలిస్తే అది ఎక్కువ వంపు తిరగకుండా దాదాపు తిన్నగా పోతుంది. అంటే దూరాన్ని అంచనా వేయడంలో కొద్దిగా తేడా వచ్చినా గురి తప్పదు. పైగా తొమ్మిది కిలోలకు మించిన గుండు అంత వేగంతో తగిలితే ఆనాటి ట్యాంకుల కవచాలలో ఏదీ నిలిచేది కాదు. ఇంకొకటి: విమానం క్షణాల్లో దాటిపోతుంది కాబట్టి, వెంటవెంటనే గుండ్లు పెట్టి పేల్చడానికి వీలుగా దీని యంత్రాంగాన్ని రూపొందించారు. అలవాటుపడిన దళం నిమిషానికి 15 నుంచి 20 గుండ్లు పేల్చగలిగేది.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. గొట్టమే దాదాపు అయిదు మీటర్లు. చక్రాలమీద ప్రయాణంలో ఉన్నప్పుడు మొత్తం బరువు ఏడు టన్నులకు పైన. నిలబెడితే మనిషి ఎత్తును మించుతుంది. పక్కకు నెట్టుకుపోయి దాచుకునే వస్తువు కాదు. దీన్ని లాగడానికి ముందు చక్రాలు, వెనక గొలుసుపట్టాలు ఉన్న పెద్ద ట్రాక్టరు కావాలి. పేల్చడానికి పదిమంది దాకా మనుషులు కావాలి. ఈ లోపాలను గుర్తుపెట్టుకోండి, తెరమీదికి వెళ్ళినప్పుడు పనికివస్తాయి.

స్పెయిన్ అంతర్యుద్ధంలో (1936–39) జర్మన్లు దీన్ని నేలమీది లక్ష్యాలమీద వాడి చూశారు. 1940 మే 21న ఫ్రాన్స్‌లోని అరాస్ దగ్గర బ్రిటిష్ మాటిల్డా ట్యాంకులు దూసుకొచ్చినప్పుడు, జర్మన్ల చేతిలో ఉన్న 37 మి.మీ. ట్యాంకు విధ్వంసక ఫిరంగి వాటి కవచాన్ని గీకడం తప్ప ఏమీ చేయలేకపోయింది. సైనికులు ఆ చిన్న ఫిరంగికి ‘తలుపు తట్టేది’ అని ఎగతాళి పేరు పెట్టుకున్నారు. అక్కడి జర్మన్ సేనాని రోమెల్ తనకున్న ఇతర ఫిరంగులతో పాటు 88లను కూడా ట్యాంకుల వైపు తిప్పించాడు. దాడి ఆగిపోయింది.

జర్మన్లకు ట్యాంకుల కోసమే ప్రత్యేకంగా చేసిన ఫిరంగులు వేరే ఉన్నాయి. వాటిని ‘పాక్’ అనేవారు. మన వార్తాపత్రికల శీర్షికల్లో కనిపించే ‘పాక్’కు దీనికి సంబంధం లేదు, ఇది ట్యాంకు నిరోధక ఫిరంగి అనే జర్మన్ మాటకు సంక్షేపం. పైన చెప్పిన 37 మి.మీ.ది పాక్ 36, తరువాత 50 మి.మీ. పాక్ 38, ఆ తరువాత 75 మి.మీ. పాక్ 40 వచ్చాయి. సంఖ్యలో చూస్తే యుద్ధం రెండో సగంలో ట్యాంకులను ఎదుర్కొనే పనిలో వెన్నెముకగా నిలిచింది పాక్ 40. పొట్టిగా, తేలికగా ఉండి పొదల్లో దాగేది. అయినా మిత్రరాజ్యాల సైనికులు తమ మీదికి ఏ గుండు వచ్చినా ‘88’ అనేవారు. భయం పేర్లను ఇలా కలిపేస్తుంది. జ్ఞాపకాల పుస్తకాల్లో ‘88’ అని కనిపించిన ప్రతిచోటా అది నిజంగా 88 అని అనుకోకండి.

హల్ఫాయా కనుమ, 1941 జూన్ 15

ఇప్పుడు ఈ ఫిరంగి భారతీయులకు ఎదురైన ఒక రోజును చూద్దాం. ఈజిప్టు, లిబియా సరిహద్దులో, మధ్యధరా సముద్ర తీరానికి దగ్గరగా హల్ఫాయా అనే కనుమ ఉంది. తీర మైదానం నుంచి పైనున్న ఎడారి పీఠభూమికి ఎక్కడానికి అక్కడున్న కొద్ది దారుల్లో అదొకటి. జర్మన్లు దాన్ని పట్టుకుని కూర్చున్నారు. కనుమను తిరిగి తీసుకుని, ముట్టడిలో ఉన్న టోబ్రుక్ పట్టణాన్ని విడిపించాలని బ్రిటిష్ సేనాని వేవెల్ ఒక పెద్ద దాడికి సిద్ధమయ్యాడు. దాని పేరు ‘బాటిల్‌యాక్స్’.

కనుమ మీద దాడి చేసే పని నాలుగవ భారత డివిజన్‌లోని 11వ బ్రిగేడ్‌కు అప్పగించారు. ఆ బ్రిగేడ్‌లో స్కాట్లండ్‌కు చెందిన కామెరాన్ హైలాండర్లు, రాజపుతానా రైఫిల్స్, మరాఠా లైట్ ఇన్‌ఫెంట్రీ పటాలాలు ఉన్నాయి. యుద్ధకాలంలో ఈ డివిజన్‌కు సేవ చేసిన ఇంజనీరింగ్ కంపెనీలలో బెంగళూరు కేంద్రంగా ఉన్న మదరాసు సాపర్ల కంపెనీ ఒకటి. మందుపాతరలు తీయడం, వంతెనలు కట్టడం, దారులు వేయడం సాపర్ల పని. ఆ దళంలో తమిళులతో పాటు తెలుగువారూ చేరేవారు.

దాడికి తోడుగా పన్నెండు మాటిల్డా ట్యాంకులు కనుమ పైభాగం నుంచి తెల్లవారుజామున కదిలాయి. మాటిల్డా ముందు కవచం మందం 78 మిల్లీమీటర్లు. అప్పటికి ఏ ఇటాలియన్ ఫిరంగీ దాన్ని ఛేదించలేదు. కాబట్టి సిబ్బందికి ధీమా ఉంది. ఎదురుగా ఉన్న జర్మన్ దళానికి నాయకుడు కెప్టెన్ విల్‌హెల్మ్ బాఖ్, యుద్ధానికి ముందు చర్చి పాదిరి. అతని దగ్గర ఉన్న 88 ఫిరంగులు గుప్పెడే. కానీ వాటిని నేలలో లోతుగా గుంతలు తవ్వి, గొట్టం మాత్రమే ఇసుకకు కాస్త పైన కనిపించేలా దించారు. ట్యాంకులు బాగా దగ్గరికి వచ్చేదాకా పేల్చలేదు. పేల్చడం మొదలయ్యాక, తన ట్యాంకులను ముక్కలు ముక్కలుగా చీల్చేస్తున్నారని దళపతి రేడియోలో చెప్పగలిగాడు. ఆ తరువాత అతని గొంతు వినిపించలేదు. పన్నెండింటిలో ఒక్కటి తప్ప అన్నీ పోయాయి. కింది దారిన రాజపుతానా, మరాఠా పటాలాలతో వెళ్ళిన ట్యాంకులలో కొన్ని మందుపాతరల మీద పడి ఆగిపోయాయి. ట్యాంకుల అండ లేకుండా పదాతిదళం పదేపదే ప్రయత్నించినా కనుమ దక్కలేదు. బ్రిటిష్ సైనికులు హల్ఫాయా పేరును వంకర తిప్పి ‘నరకాగ్ని కనుమ’ అని అర్థం వచ్చే ఇంగ్లిషు మాటతో పిలవసాగారు.

మూడు రోజుల్లో దాడి మొత్తం విఫలమైంది. చర్చిల్ వేవెల్‌ను తప్పించి, భారతదేశంలో సర్వసేనానిగా ఉన్న ఆకిన్‌లెక్‌ను అక్కడికి పంపి, వేవెల్‌ను ఇక్కడికి పంపాడు. ఆ వేవెల్‌నే 1943లో వైస్రాయిగా, 1945 సిమ్లా సమావేశంలో మధ్యవర్తిగా మీరు ఆధునిక భారత చరిత్ర పాఠాల్లో కలుసుకుంటారు. ఆయన ఢిల్లీకి రావడానికి వెనక ఉన్న కారణాల్లో ఇసుకలో పాతిన ఆ కొద్ది ఫిరంగులూ ఉన్నాయి.

లెక్క ఏం చెబుతుంది?

మాటిల్డాలో 40 మి.మీ. ఫిరంగి ఉండేది. దానికి ఇచ్చిన గుండు గట్టి ఇనుప ముద్ద. తగిలితే కవచాన్ని ఛేదిస్తుంది, కానీ పేలదు. గుంతలో ఉన్న ఫిరంగి దళాన్ని దెబ్బతీయాలంటే పేలే గుండు కావాలి. అది లేదు. మిగిలింది మరతుపాకి. దానితో ఫలితం ఉండాలంటే సుమారు 600 మీటర్ల దగ్గరికి రావాలి. 88 మాత్రం 1500 మీటర్ల నుంచే చంపగలదు. ఇసుకలో మాటిల్డా వేగం గంటకు 14 కిలోమీటర్లు. 1500 నుంచి 600 మీటర్లకు, అంటే 900 మీటర్లు దాటడానికి దానికి దాదాపు నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాల్లో ఒక ఫిరంగి, నిమిషానికి పది చొప్పున నిదానంగా గురిచూసి పేల్చినా, నలభై గుండ్లు పంపుతుంది. ట్యాంకు సిబ్బంది ధైర్యంతో గాని, నైపుణ్యంతో గాని ఈ లెక్క మారదు.

1500 మీటర్లు అంటే ఎంతో ఊహించడం కష్టమైతే ఇలా ఆలోచించండి. నేను ఉంటున్న రామగిరిలో కొండల మీద గాలిమరలు వరుసగా నిలిచి ఉంటాయి. కొండ అంచు నుంచి కిలోమీటరున్నర అవతల వేరుశనగ చేలో పోయే ట్రాక్టరును చూస్తే, ముందు కనిపించేది ట్రాక్టరు కాదు, దాని వెనక లేచే ఎర్రదుమ్ము. ట్రాక్టరు మీద కూర్చున్నవాడికి కొండమీద బండల మధ్య కదలకుండా ఉన్న మనిషి అసలే కనిపించడు. కదిలేవాడు కనిపిస్తాడు, కదలనివాడు కనిపించడు. ఎడారిలో ట్యాంకుకూ పాతిన ఫిరంగికీ మధ్య ఉన్న తేడా ఇంతే.

ఇదే దూరంతో ఇంకొక చిన్న లెక్క చేయండి. గుండు 1500 మీటర్లు పోవడానికి రెండు సెకన్లకు కాస్త ఎక్కువ పడుతుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి అదే దూరానికి నాలుగు సెకన్లకు పైగా పడుతుంది. అంటే ట్యాంకులో ఉన్నవారికి ముందు దెబ్బ తగులుతుంది, ఆ తరువాతే ఫిరంగి చప్పుడు వినిపిస్తుంది. వినిపించేసరికి వినేవారు ఉంటే.

తెరమీదికి వచ్చేసరికి

మీరు చూసిన ఏ యుద్ధ చిత్రాన్నైనా గుర్తుతెచ్చుకోండి. ముందు ‘ఢాం’ అని శబ్దం, వెంటనే ట్యాంకు మంటల్లో. ఫిరంగి, ట్యాంకు రెండూ ఒకే ఫ్రేములో, వంద మీటర్ల ఎడంలో కనిపిస్తాయి. ఇది దర్శకుల అజ్ఞానం కాదు. కిలోమీటరున్నర దూరాన్ని ఒక్క ఫ్రేములో పెడితే ట్యాంకు ఆవగింజంత కనిపిస్తుంది. ప్రేక్షకుడికి కారణం, ఫలితం ఒకేచోట కనబడాలి. కాబట్టి సినిమా దూరాన్ని కుదిస్తుంది. దూరం కుదిస్తే పోయేది చిన్న వివరం కాదు, ఈ ఫిరంగి మొత్తం బలమే పోతుంది. దాని బలం ఉన్నది దూరంలో, దాగడంలో, పేల్చకుండా ఆగడంలో. తెరమీద అది పెద్ద తుపాకిలా మాత్రమే మిగులుతుంది.

రెండో సమస్య వస్తువులు దొరకడం. 1970లో వచ్చిన ‘పాటన్’ చిత్రాన్ని స్పెయిన్‌లో తీశారు. అక్కడి సైన్యం ఇచ్చిన యుద్ధానంతర అమెరికన్ ట్యాంకులే అందులో అమెరికన్ ట్యాంకులూ, జర్మన్ ట్యాంకులూ. అదే ఏడాది వచ్చిన ‘కెల్లీస్ హీరోస్’ను యుగోస్లావియాలో తీశారు, రష్యన్ టి-34 ట్యాంకులకు పై తొడుగు వేసి జర్మన్ టైగర్లుగా చూపారు. 1998 నాటి ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’లోని టైగర్లు కూడా టి-34 మీద కట్టినవే. 2014లో వచ్చిన ‘ఫ్యూరీ’లో మాత్రం నిజమైన టైగర్ నడిచింది. ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ ట్యాంకు మ్యూజియంలో ఉన్న ‘టైగర్ 131’ అది, 1943లో ట్యునీషియాలో పట్టుబడింది. టైగర్ ట్యాంకులో బిగించిన ఫిరంగి మన 88కి తోబుట్టువే. కాబట్టి తెరమీద ఆ టైగర్‌ను చూసినప్పుడు మీరు ఒక విధంగా 88నే చూస్తున్నారు.

‘ఫ్యూరీ’లో మన పాఠానికి ఇంకా పనికివచ్చే దృశ్యం వేరే ఉంది. చెట్ల వరుస వెనక దాగిన జర్మన్ ట్యాంకు విధ్వంసక ఫిరంగుల మీదికి అమెరికన్ ట్యాంకులు బహిరంగ మైదానంలో వెళ్ళే దృశ్యం. నా అభిప్రాయంలో, దాగిన ఫిరంగి అంటే ఏమిటో వాణిజ్య చిత్రాల్లో ఇంత బాగా చూపినవి తక్కువ. గుండ్లు ఎరుపు, ఆకుపచ్చ వెలుగు గీతలుగా పోవడం చూసి, ఇది అంతరిక్ష చిత్రంలా ఉందని చాలామంది నవ్వారు. కానీ కవచాన్ని ఛేదించే గుండ్ల వెనక భాగంలో, అది ఎక్కడికి పోతోందో చూసుకోవడానికి మెరిసే మందు నిజంగానే పెట్టేవారు. వెలుగును కొంత పెంచి ఉండవచ్చు, కల్పించలేదు. సినిమా నిజం చెప్పినప్పుడు, మనకు అలవాటైన సినిమాలా లేదని మనమే నమ్మకపోవడం కూడా జరుగుతుందన్నమాట.

డాక్యుమెంటరీ అయితే నమ్మవచ్చా? 1943లో బ్రిటిష్ సైనిక చలనచిత్ర విభాగం ఎల్ అలమీన్ యుద్ధం మీద ‘డెజర్ట్ విక్టరీ’ తీసింది. దానికి ఆస్కార్ వచ్చింది. అందులో అసలు యుద్ధభూమిలో తీసిన దృశ్యాలు ఎన్నో ఉన్నాయి. అయితే రాత్రి దాడిలో సైనికుల ముఖాలు దగ్గరగా కనిపించే కొన్ని దృశ్యాలను ఇంగ్లండ్‌లోని పైన్‌వుడ్ స్టూడియోలో తీశారు. చీకట్లో అప్పటి కెమెరాలు పనిచేయవు కదా. ఏది ఎక్కడ తీశారో విడదీయకుండా ఆ చిత్రాన్ని ఆధారంగా చూపితే మీ వ్యాసం నిలబడదు.

కంప్యూటర్ ఆటల సంగతి కొంత వేరు. 2006లో వచ్చిన ‘కంపెనీ ఆఫ్ హీరోస్’లో పాక్ 38నీ, 88నీ వేరువేరు ఫిరంగులుగా, వేరువేరు బలాలతో ఇచ్చారు. ఫిరంగిని ఎటువైపు తిప్పి నిలబెట్టాలి, పక్కనుంచి శత్రువు వస్తే ఏమవుతుంది అన్నది ఆటగాడు అనుభవం మీద నేర్చుకుంటాడు. ఈ ఒక్క విషయంలో చాలా సినిమాల కంటే ఆటే మెరుగని నేనంటాను. కానీ ఆటలోనూ దూరాలు తెరకు సరిపడేటంతే. గుంత తవ్విన చేతులు, ఎండలో కదలకుండా గడిపిన గంటలు అందులోనూ ఉండవు.

ఫిరంగి ముందు ఎవరున్నారు?

ఇంతవరకు చెప్పిన విదేశీ చిత్రాల్లో 88కి ఎదురుగా ఉన్నవారు ప్రధానంగా అమెరికన్లు లేదా బ్రిటిష్ తెల్లవారు. హల్ఫాయాలో పడిన రాజపుతానా, మరాఠా సైనికులు వాటిలో లేరు. 1943 మేలో ట్యునీషియాలో జర్మన్ సర్వసేనాని ఫాన్ ఆర్నిమ్ లొంగిపోయింది నాలుగవ భారత డివిజన్‌కే. ఆ చిత్రాల్లో అదీ లేదు. 1996 నాటి ‘ది ఇంగ్లిష్ పేషెంట్’లో ఇటలీలో బాంబులు నిర్వీర్యం చేసే సిక్కు సాపర్ పాత్ర ఒకటి ఉండటం గుర్తుపెట్టుకోదగిన మినహాయింపు.

తెలుగులో ఈ లోటును తాకిన చిత్రం ‘కంచె’. క్రిష్ దర్శకత్వంలో వరుణ్ తేజ్ నటించగా 2015 అక్టోబరులో విడుదలై, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది. బ్రిటిష్ సైన్యంలో చేరిన తెలుగు యువకుడు ఇటలీలో జర్మన్లతో పోరాడే కథ. యుద్ధ ఘట్టాలను జార్జియా దేశంలో చిత్రీకరించారు. ఆయుధాల వివరాల్లో మీరు తప్పులు వెతకవచ్చు, అది మంచి అభ్యాసమే. కానీ ఆ ఫ్రేములో తెలుగు మాట్లాడే సైనికుడు నిలబడటం అనే ఒక్క విషయం, ఆయుధాలన్నీ కచ్చితంగా ఉన్న అనేక చిత్రాలు చూపనిదాన్ని చూపింది. కచ్చితత్వం అంటే బోల్టులు లెక్కపెట్టడం మాత్రమే కాదు, మనుషులను లెక్కలోకి తీసుకోవడం కూడా.

హల్ఫాయాలో దెబ్బతిన్న నాలుగవ డివిజన్ స్వతంత్ర భారతంలోనూ కొనసాగింది. 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర అదే డివిజన్ పాకిస్తాన్ పాటన్ ట్యాంకులను ఎదుర్కొంది. ఈసారి పాత్రలు తారుమారయ్యాయి. పొలాల్లోకి నీరు వదిలారు. ట్యాంకులు, ఫిరంగులు చెరకు తోటల్లో దాగాయి. దగ్గరికి వచ్చేదాకా పేల్చలేదు. జీపుమీద బిగించిన 106 మి.మీ. ఫిరంగితో ట్యాంకులను ధ్వంసం చేసి ప్రాణాలర్పించిన అబ్దుల్ హమీద్‌కు పరమవీర చక్ర లభించింది. చేతన్ ఆనంద్ తీసిన దూరదర్శన్ ధారావాహిక ‘పరమవీర చక్ర’లో (1988) ఆ పాత్రను నసీరుద్దీన్ షా పోషించారు. 1997 నాటి ‘బోర్డర్’ చిత్రంలో లోంగేవాలా దగ్గర కనిపించేదీ ఆ రకం ఫిరంగే. 1941లో ఎదుటివాడి నుంచి అనుభవపూర్వకంగా తెలిసిన సంగతే ఇరవై నాలుగేళ్ళ తరువాత పంజాబ్ చెరకు తోటల్లో పనిచేసింది.

అభ్యాసం

‘కంచె’, ‘బోర్డర్’, ‘ఫ్యూరీ’లలో మీకు దొరికిన ఒక చిత్రాన్ని ఎంచుకుని, ఫిరంగి పేలే ఒక్క దృశ్యాన్ని కనీసం మూడుసార్లు చూడండి. మొదటిసారి శబ్దం తీసేసి చూసి, ఫిరంగికీ లక్ష్యానికీ మధ్య దూరం ఎంత ఉంటుందో అంచనా రాయండి. రెండోసారి శబ్దంతో చూసి, చప్పుడు ముందు వచ్చిందా, దెబ్బ ముందు తగిలిందా, కెమెరా ఎవరి పక్కన నిలబడి ఉందో రాయండి. ఫిరంగి పక్కన నిలబడితే చప్పుడు ముందు రావడం సరైనదే, కాబట్టి తొందరపడి తప్పు అని రాయకండి. మూడోసారి ఫిరంగి దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారో, దాని ముందు ఎవరు ఉన్నారో, వారిలో ఎవరికి పేరు ఉందో, ఎవరికి లేదో రాయండి. మీ ఊళ్ళో గాని, చుట్టుపక్కల గాని ఆ యుద్ధానికి వెళ్ళివచ్చిన వారి కుటుంబాలు ఉంటే, వారి ఇంట్లో మిగిలిన పతకం, పింఛను కాగితం, ఫోటో వంటివి వారి అనుమతితో చూసి, దాని మీద ఉన్న దళం పేరును, సంవత్సరాన్ని నోట్సులో రాసుకుని తరువాతి తరగతికి తీసుకురండి.